బాలింత జీతం ఎవరి పద్దు?

1928 జులైలో బొంబాయి శాసనమండలిలో ఒక బిల్లు మీద చర్చ జరిగింది. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకు కాన్పుకు ముందూ తర్వాతా కొన్ని వారాలు పని నుంచి విడుపు ఇవ్వాలి, ఆ రోజులకు కొంత భత్యం ముట్టజెప్పాలి అన్నది ఆ బిల్లు సారాంశం. అప్పటికి మండలిలో సభ్యుడిగా ఉన్న అంబేడ్కర్ ఆ బిల్లును బలపరుస్తూ రెండు మాటలు చెప్పారు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు, కాబట్టి ఆ భారం చాలావరకు ప్రభుత్వమే మోయాలన్నది మొదటి మాట. మగవాళ్లతో చేయించుకునేదానికన్నా ఆడవాళ్లతో చేయించుకుంటే లాభం ఎక్కువని తెలిసే యజమాని వాళ్లని పనిలో పెట్టుకుంటున్నాడు, కాబట్టి అతనూ కొంత భరించడం న్యాయమే అన్నది రెండో మాట. మరుసటి ఏడాది బొంబాయిలో చట్టం వచ్చింది. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడున్న మద్రాసు రాష్ట్రంతో సహా మిగతా చోట్లా అలాంటి చట్టాలు వచ్చాయి. అన్నింటిలోనూ అంబేడ్కర్ చెప్పిన రెండో మాటే నిలబడింది. మొదటి మాట పక్కకు పోయింది, దాదాపు వందేళ్లుగా పక్కనే ఉంది. ఉద్యోగం చేసే తల్లుల హక్కుల గురించి ఇవాళ ఎక్కడ మాట్లాడినా ఎన్ని వారాల సెలవు అన్నదే చర్చ అవుతుంది. నన్నడిగితే వారాల లెక్క రెండోది. ఆ వారాల జీతం ఎవరి పద్దులో రాయాలన్నది మొదటిది. అది తేలకుండా వారాలు పెంచుకుంటూ పోతే హక్కు కాగితం మీద పెరుగుతుంది, పనిచేసే చోట తరుగుతుంది.

ఇప్పుడున్న చట్టంలో ఏముందో ముందు చూద్దాం. 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 12 వారాల సెలవు ఇచ్చింది. 2017 సవరణతో అది 26 వారాలైంది, అదీ పూర్తి జీతంతో. ఇద్దరు పిల్లలు ఉన్నాక వచ్చే కాన్పుకు మాత్రం 12 వారాలే. ఫ్యాక్టరీలకు, గనులకు, పదిమందో అంతకు మించో పనిచేసే దుకాణాలకు, సంస్థలకు ఇది వర్తిస్తుంది. కాన్పుకు ముందటి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, హక్కు వచ్చినట్టే. గర్భస్రావమైతే 6 వారాలు. సెలవు అయ్యాక తిరిగొచ్చిన తల్లికి బిడ్డ పదిహేనో నెల వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం. 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చినప్పుడు ఇవన్నీ సామాజిక భద్రతా స్మృతిలోకి దాదాపు యథాతథంగా వెళ్లాయి. ప్రపంచంలో చాలా దేశాల చట్టాల కన్నా ఇది ఉదారమైనదే. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టాలని డాక్టర్లు చెబుతారు కాబట్టి 26 వారాలు పెట్టారని అందరూ అనుకుంటారు. కానీ ఆ 26లో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. నెలలు నిండుతున్నకొద్దీ కాళ్లు వాచి, బస్సెక్కలేక, ఆ ఎనిమిదీ వాడుకున్న ఆమెకు బిడ్డ పుట్టాక మిగిలేవి 18 వారాలు. అంటే నాలుగు నెలలు. తతిమ్మా రెండు నెలలు బిడ్డకు పాలు అందాలంటే ఆఫీసు పక్కనే బిడ్డ ఉండాలి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఈ 26 వారాల జీతం ఎవరివ్వాలి? ఆమెను ఉద్యోగంలో పెట్టుకున్న యజమాని, ఒక్కడే, మొత్తం. ప్రభుత్వం పైసా ఇవ్వదు, మగవాళ్లనే పెట్టుకున్న పక్క సంస్థా ఇవ్వదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. నెలకు 40,000 జీతమున్న ఉద్యోగిని ఆరు నెలలు సెలవులో ఉంటే సంస్థ ఆమెకు 2,40,000 ఇవ్వాలి, ఆ పని చేయడానికి ఇంకొకరిని పెట్టుకుంటే వాళ్లకూ ఇవ్వాలి. వేలమంది పనిచేసే పెద్ద కంపెనీకి అది పద్దులో కనిపించనంత చిన్న మొత్తం. పన్నెండుమందితో నడిచే ప్రింటింగ్ ప్రెస్సుకో, డయాగ్నస్టిక్ సెంటరుకో, చిన్న స్కూలుకో అది ఆ ఏడాది లాభంలో పెద్ద ముక్క. అందుకే ఇంటర్వ్యూలో 'పెళ్లయిందా అమ్మా, పిల్లల గురించి ఏమనుకుంటున్నారు' అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వేసేవాడు చెడ్డవాడు కానక్కర్లేదు, లెక్క చూసుకునేవాడైతే చాలు. ఆ లెక్క అతని చేతికిచ్చింది చట్టమే. ఈ ప్రమాదం ప్రపంచానికి ముందే తెలుసు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన మాతృత్వ రక్షణ ఒడంబడిక 14 వారాల సెలవు కనీసమని చెబుతూ, ఆ ఖర్చు సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో రావాలి, మామూలుగా ఒక్కొక్క యజమాని నెత్తిన విడిగా పెట్టకూడదని చెప్పింది. ఉద్యోగ విపణిలో ఆడవాళ్ల స్థితిని కాపాడటానికే ఆ నియమమని కూడా రాసుకుంది. మన దేశం ఆ ఒడంబడికను ఆమోదించలేదు. వారాల సంఖ్యలో దాన్ని దాటిపోయాం, ఖర్చు ఎవరిదన్న దగ్గర దానికి ఎదురు వెళ్లాం.

దీనికి మందు ఎక్కడో విదేశంలో వెతకక్కర్లేదు. మన దగ్గరే, 1948 నుంచీ ఉంది. కార్మిక రాజ్య బీమా, అందరూ ఈఎస్‌ఐ అని పిలిచేది. అందులో చేరిన కార్మికురాలికి కూడా 26 వారాల ప్రసూతి భత్యం వస్తుంది. అయితే ఆ డబ్బు యజమాని ఇవ్వడు, బీమా నిధి ఇస్తుంది. నిధిలోకి యజమాని జీతంలో 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడతారు. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే: ఆ శాతం ఆడ ఉద్యోగికీ మగ ఉద్యోగికీ ఒకటే. నెలకు 20,000 జీతమిచ్చే యజమాని ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా 650 రూపాయలు కడతాడు. మగవాణ్ని పెట్టుకున్నంత మాత్రాన అతనికి ఒక్క రూపాయి కలిసిరాదు. అయితే ఈఎస్‌ఐకి ఒక గీత ఉంది. 21,000 దాటిన జీతాలకు అది వర్తించదు. 2017 జనవరిలో గీసిన ఆ గీత ఆ తర్వాత ఎనిమిదేళ్లకు పైగా కదల్లేదు, ఈలోగా జీతాలూ ధరలూ ఎంత పెరిగాయో ఇల్లు నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఒకే ఆఫీసులో ఇద్దర్ని ఊహించుకోండి. ఒకామె జీతం 20,000. ఆమె కాన్పు వల్ల యజమానికి పడే జీతం ఖర్చు సున్నా. రెండో ఆమె జీతం 22,000. ఆమె కాన్పుకు యజమాని తన జేబులోంచి 1,32,000 తీయాలి. జీతంలో తేడా రెండు వేలు, ఆమెను పెట్టుకోవడంలో ఉన్న 'రిస్కు'లో తేడా లక్ష పైచిలుకు. ప్రసూతి భత్యం వరకైనా ఈ జీతం గీతను పూర్తిగా చెరిపేసి, ప్రతి సంస్థ నుంచీ మొత్తం జీతాల మీద ఒక చిన్న శాతం వసూలు చేసి, ఆ నిధి నుంచి చెల్లిస్తే సరిపోతుంది. ఆ శాతం చిన్నదే ఉంటుందని ఎలా చెప్పగలం అంటే, ముప్ఫై అయిదేళ్ల ఉద్యోగ జీవితంలో 1,820 వారాలు ఉంటాయి. ఇద్దరు బిడ్డల్ని కన్న తల్లి సెలవు 52 వారాలు, అంటే నూటికి మూడు కూడా కాదు. ఉద్యోగుల్లో సగానికి పైగా ఉన్న మగవాళ్ల జీతాల మీద కూడా ఆ వసూలు పరిస్తే పడే శాతం ఇంకా తక్కువ.

ఖర్చును ఆడవాళ్ల తలల లెక్కకు కట్టేస్తే ఏమవుతుందో చెప్పడానికి పాత నియమం ఒకటి పనికొస్తుంది. ఫ్యాక్టరీల చట్టం ముప్ఫైమంది కన్నా ఎక్కువ ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పసిపిల్లల గది, అంటే క్రెష్, పెట్టాలంది. మంచి ఉద్దేశమే. కానీ దాని అర్థం యజమాని చెవికి ఎలా వినపడుతుంది? ముప్ఫై దగ్గర ఆపితే గది అక్కర్లేదు. ముప్ఫై ఒకటో ఆమెను చేర్చుకుంటే గది, ఆయా, ఉయ్యాలలు, పాలు అన్నీ కావాలి. 2017 సవరణ ఈ తప్పును పట్టుకుంది. ఆడా మగా కలిపి యాభైమంది ఉద్యోగులుంటే క్రెష్ ఉండాల్సిందే, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు అని రాసింది. చిన్న మార్పులాగే కనిపిస్తుంది గానీ ఆలోచనలో చాలా పెద్దది. పిల్లల గది ఆడవాళ్ల వల్ల వచ్చిన ఖర్చు కాదు, మంచినీళ్లకూ మరుగుదొడ్లకూ అయినట్టే సంస్థ నడపడానికి అయ్యే ఖర్చు అని చట్టం ఒప్పుకుంది. ఆశ్చర్యమేమిటంటే, అదే సవరణ, అదే ఏడాది, అదే పార్లమెంటు, సెలవు జీతం దగ్గరకు వచ్చేసరికి ఈ తెలివిని మరిచిపోయింది. 2018లో కేంద్రం ఏడు వారాల జీతాన్ని యజమానులకు తిరిగి ఇచ్చే ఆలోచన ఒకటి బయటపెట్టింది. అది ఆలోచనగానే మిగిలింది.

ఖర్చును నిధికి మార్చాలన్న ఈ మాటకు ఎదురు వాదన ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. సెలవు పెంచితే ఆడవాళ్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి సెలవే తగ్గించడం మంచిదని కొందరు ఆర్థికవేత్తలు, చాలామంది చిన్న పారిశ్రామికవేత్తలు అంటారు. వాళ్లు చెప్పే కారణం నిజం, తేల్చిన ఫలితం తప్పు. తప్పు సెలవుదే అయితే, పురిటి సెలవు ఎక్కువున్న దేశాల్లో ఆడవాళ్లు తప్పనిసరిగా ఇంటికి పరిమితమైపోవాలి కదా? వియత్నాం సంగతి చూడండి. బట్టలు కుట్టడంలో, ఎలక్ట్రానిక్ పరికరాలు బిగించడంలో మన శ్రీసిటీకీ అచ్యుతాపురానికీ పోటీ ఆ దేశమే. అక్కడ 2013 నుంచీ పురిటి సెలవు ఆరు నెలలు, జీతంతో. అయినా ఆడవాళ్లు పనిలో ఉండే శాతంలో ఆ దేశం ప్రపంచంలోనే పైవరసలో ఉంటుంది. అక్కడ ఆ ఆరు నెలల భత్యం ఇచ్చేది సామాజిక బీమా నిధి, ఫ్యాక్టరీ యజమాని కాదు. బ్రిటన్‌లో ముందు యజమాని చెల్లిస్తాడు, తర్వాత అందులో 92 శాతం ప్రభుత్వానికి కట్టాల్సిన దాంట్లోంచి మినహాయించుకుంటాడు. చిన్న సంస్థలైతే ఇచ్చినదానికన్నా కాస్త ఎక్కువే వెనక్కి వస్తుంది. చిన్నవాళ్ల ఇబ్బంది నిజమే అని ఒప్పుకుని, దాన్ని తల్లి మీదకు నెట్టకుండా తీర్చే దారి అది. సెలవు తగ్గించమనే మిత్రులు రోగం సరిగ్గానే కనిపెట్టారు, చేయి నొప్పి పెడుతోందంటే చేయి తీసేయమంటున్నారు.

ఇంతసేపూ నేను మాట్లాడింది నెల జీతం వచ్చే ఆడవాళ్ల గురించి. మన దేశంలో పనిచేసే ఆడవాళ్లు పదిమందిని నిలబెడితే సుమారు తొమ్మిదిమంది ఈ చట్టం గడప బయటే ఉంటారు. గుంటూరు మిరప యార్డు చుట్టుపక్కల కాయలకు తొడిమలు తీసేవాళ్లు, నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు, పలాసలో జీడిపప్పు ఒలిచేవాళ్లు, కూలికి నాట్లు వేసేవాళ్లు, పొద్దున్నే నాలుగిళ్లలో అంట్లు తోమేవాళ్లు. 2017-18లో 23 శాతంగా ఉన్న ఆడవాళ్ల పని భాగస్వామ్యం 2023-24కి దాదాపు 42 శాతానికి చేరిందని ప్రభుత్వ సర్వే చెబుతోంది. పెరిగింది ఎక్కువగా పొలం పనుల్లో, సొంత చిన్న పనుల్లో. అంటే చట్టం అందని చోటే. వీళ్ల కోసం 2013 ఆహార భద్రతా చట్టం ఒక హక్కు రాసింది: ప్రతి గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం. 2017లో దాని పేరుమీద వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి బిడ్డకు 5,000 ఇచ్చింది. తర్వాత రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 అన్నారు. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఆ లెక్కన 5,000 అంటే పదహారు రోజుల కూలి. ఆఫీసులో పనిచేసే తల్లికి 182 రోజులు, మట్టి మోసే తల్లికి పదహారు రోజులు. పచ్చి బాలింత మూడో వారంలో తట్ట ఎత్తుకుంటే అది ఆమె ఓర్పు అని మెచ్చుకునేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు.

అసంఘటిత రంగంలో యజమానే లేనప్పుడు ఎవరి దగ్గర వసూలు చేస్తారు అన్నది తర్వాతి అభ్యంతరం. ఈ ప్రశ్నకు కూడా మన చట్టాల్లోనే జవాబులు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. నిర్మాణ కార్మికుల విషయమే తీసుకోండి. మేస్త్రీ మారతాడు, సైటు మారుతుంది, యజమాని ఎవరో కూలికి తెలియదు. అందుకని 1996 నాటి చట్టం కింద కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సుగా వసూలు చేసి సంక్షేమ బోర్డులో వేస్తున్నారు, నమోదైన కార్మికురాలికి ప్రసూతి సాయం దాంట్లోంచే వస్తుంది. నమోదు కాకపోవడం, డబ్బు ఖర్చు చేయకపోవడం లాంటి జబ్బులు దానికి చాలానే ఉన్నాయి, అవి నడిపేవాళ్ల జబ్బులు. యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికుల కోసం కొత్త స్మృతి, కంపెనీ ఏడాది టర్నోవరులో 1 నుంచి 2 శాతం నిధికి కట్టించుకోవచ్చని రాసింది. ఆ నిధి నుంచి ప్రసూతి ప్రయోజనాలూ ఇవ్వవచ్చు. మిరప యార్డులో మార్కెట్ సెస్సు ఉంది. ఎగుమతయ్యే రొయ్యకూ జీడిపప్పుకూ బిల్లులు ఉంటాయి. సరుకు నుంచి రైతుకూ వ్యాపారికీ ప్రభుత్వానికీ వాటా తీసే దారులన్నీ తెలిసిన వ్యవస్థకు, అదే సరుకు శుభ్రం చేసిన బాలింతకు వాటా తీసే దారి తెలియదంటే నమ్మడం కష్టం. ఖజానా నుంచి నేరుగా ఇచ్చిన ఉదాహరణలూ ఉన్నాయి. తమిళనాడు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరుమీద నడిపే పథకం పేద తల్లికి 18,000 దాకా ఇస్తోంది. తెలంగాణ 2017లో కేసీఆర్ కిట్‌తో పాటు 12,000, ఆడపిల్ల పుడితే 13,000 విడతలవారీగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ రాష్ట్రమూ దాని వల్ల దివాలా తీయలేదు.

ప్రభుత్వమే అతిపెద్ద యజమాని అన్న సంగతి ఇక్కడ మరిచిపోకూడదు. ఊళ్లో ఏ ఇంట్లో నెల తప్పిందో ముందు తెలిసేది ఆశా కార్యకర్తకు. ఆమే పేరు నమోదు చేయిస్తుంది, ఐరన్ మాత్రలు మింగిస్తుంది, నొప్పులొస్తే అర్ధరాత్రి ఆస్పత్రికి వెంట వెళుతుంది. ఆమెకు స్వయంగా కాన్పు వస్తే జీతంతో సెలవు ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పింది 2025లో. ఆశా వ్యవస్థ మొదలై అప్పటికి రెండు దశాబ్దాలు కావస్తోంది. వాళ్లని ఉద్యోగులనకుండా స్వచ్ఛంద కార్యకర్తలనడం వల్ల ఇన్నాళ్లూ మిగిలింది ఎవరి డబ్బో చెప్పక్కర్లేదు. రోజుకూలీ పేరుతో హక్కు ఎగ్గొట్టడం కుదరదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద రోడ్డు పనులు చేసే ఆడవాళ్ల కేసది. పర్మనెంటు కాదు కాబట్టి సెలవు లేదన్న వాదనను కోర్టు కొట్టేసి, రాజ్యాంగంలోని 42వ అధికరణం ప్రసూతి ఊరటను వాగ్దానం చేసిందని గుర్తు చేసింది.

ఇక తండ్రి మాట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి భార్య కాన్పు సమయంలో 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగికి చట్టంలో ఒక్క రోజు కూడా లేదు. 2017లో లోక్‌సభలో ఒక ప్రైవేటు సభ్యుడి బిల్లు వచ్చింది, చట్టం కాలేదు. తండ్రికి సెలవిస్తే ఏం చేస్తాడు, క్రికెట్ చూస్తూ పడుకుంటాడు అనే హాస్యం మనకు బాగా అలవాటు. నార్వేలోనూ అలాగే అనుకున్నారు. తల్లిదండ్రులు ఇద్దరిలో ఎవరైనా వాడుకోవచ్చన్న సెలవును అక్కడ తండ్రుల్లో నూటికి నలుగురైదుగురు కూడా వాడలేదు. 1993లో నాలుగు వారాలు తండ్రికే కేటాయించి, వాడకపోతే పోతుందన్నారు. కొన్నేళ్లకే నూటికి డెబ్బైమందికి పైగా వాడుకున్నారు. మగవాళ్ల మనసు మారేదాకా ఆగలేదు, నియమం మార్చారు. తండ్రి సెలవుతో మొదటి లాభం తల్లికే, పైగా అది ఇంట్లో కన్నా ఆఫీసులో ఎక్కువ కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో కూర్చున్న పాతికేళ్ల కుర్రాడు కూడా రేపు నెలరోజులు సెలవు పెట్టగలడని తెలిస్తే, పిల్లల గురించి వేసే ఆ ప్రశ్నకు విలువ పడిపోతుంది. ఆడా మగా సంపాదనలో తేడా మొదటి బిడ్డ పుట్టిన దగ్గర నుంచే బాగా విడిపోతుందని చూపించిన పరిశోధనకే క్లాడియా గోల్డిన్‌కు 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

వీటన్నిటికీ మన సంప్రదాయంలోనే ఏర్పాటు ఉంది కదా అనేవాళ్లున్నారు. ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం, మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా అక్కడే ఉండటం, బాలింతకు పథ్యం, నలుగు, వేడినీళ్లు, ఆమె చేత చెంబు కూడా ఎత్తనివ్వకపోవడం, ఇదంతా ఒకరకమైన పురిటి సెలవే. తల్లికి విశ్రాంతి కావాలని మనవాళ్లకు కార్మిక చట్టం చెప్పక్కర్లేకపోయింది. కానీ ఆ సెలవు ఖర్చు పెట్టింది ఎవరు? పుట్టింటివాళ్లు. చాకిరీ చేసింది ఎవరు? అమ్మమ్మ. ఇవాళ ఆ అమ్మమ్మకు యాభై ఏళ్లు, ఆమే ఏ స్కూల్లోనో, బట్టల షాపులోనో, ఉపాధి హామీ పనిలోనో ఉంది. కూతురి పురుటికి ఆమె పని మానుకుంటే ఒక ఇంట్లో రెండు సంపాదనలు ఆగుతాయి. సంప్రదాయం ఎంత దూరం సాగగలదో చూడాలంటే శంషాబాద్ విమానాశ్రయంలో నిలబడితే చాలు. జీతంతో కూడిన పురిటి సెలవును దేశం మొత్తానికి చట్టంగా ఇవ్వని సంపన్న దేశం అమెరికా. 1993 చట్టం అక్కడ ఇచ్చేది 12 వారాల జీతం లేని సెలవు, అదీ కొన్ని షరతులకు లోబడి. ఆ లోటు పూడ్చడానికి మన అమ్మమ్మలూ నానమ్మలూ విజిటర్ వీసా మీద, ఊరగాయ జాడీలతో, ఆరేసి నెలలు వంతులవారీగా వెళ్లొస్తుంటారు. ఒక దేశపు కార్మిక చట్టంలోని కన్నాన్ని ఇంకో దేశపు ముసలమ్మలు పూడుస్తున్నారు.

బిడ్డను ఉంచే చోటు గురించి చెబుతానన్నాను. యాభైమంది నియమం చిన్న సంస్థలకు వర్తించదు, ఇళ్లలో పొలాల్లో పనిచేసేవాళ్లకు అసలే వర్తించదు. అంగన్‌వాడీ ప్రధానంగా మూడేళ్లు నిండిన పిల్లలు కూర్చునే చోటు. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు ఉన్న కాలం చాలావరకు లెక్కలోకి రాలేదు. ఉపాధి హామీ చట్టం పని దగ్గర ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురో అంతకు మించో ఉంటే, వాళ్లని చూసుకోవడానికి ఒకామెను నియమించి ఆమెకూ కూలి ఇవ్వాలంది. ఎంత చక్కటి నియమం! తవ్విన చెరువుల లెక్క చూసినంత శ్రద్ధగా ఆ నియమాన్ని ఎవరూ చూడలేదు. పక్కనున్న కర్ణాటక 2023లో 'కూసిన మనె' పేరుతో గ్రామ పంచాయతీల్లో పసిపిల్లల కేంద్రాలు పెట్టడానికి పూనుకుంది. వేళల విషయంలో మాత్రం ఎవరైనా జాగ్రత్త పడాలి. నాట్ల కాలంలో కూలి తెల్లవారుజామునే బయల్దేరుతుంది. పది గంటలకు తాళం తీసే కేంద్రం ఆమెకు లేనట్టే.

'వాళ్లు సెలవులో ఉంటే వాళ్ల పని మేం చేయాలా' అన్న సహోద్యోగుల సణుగుడు కూడా న్యాయమైనదే. వాళ్ల కోపం చేరాల్సింది మాత్రం వేరే చోటికి. జీతం నిధి నుంచి వస్తే, సంస్థ దగ్గర మిగిలిన డబ్బుతో ఆరు నెలలకు ఒక మనిషిని పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఆ డబ్బు లేక పక్క సీటు మీద పడేస్తున్నారు. జనాభా ఎక్కువైన దేశంలో పిల్లల్ని కనడానికి ప్రోత్సాహమేమిటన్న పాత వాదనకైతే తెలుగు నేలమీద కాలం చెల్లింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఎక్కువమందిని కనమని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రే సభల్లో అడిగే రోజులొచ్చాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ తన ఉద్యోగినుల పురిటి సెలవుకు ఇద్దరు పిల్లల పరిమితిని ఎత్తేసింది కూడా. ప్రైవేటులో మూడో కాన్పుకు ఇంకా 12 వారాలే. కనమని సభలో అడిగేది ప్రభుత్వం, కన్నాక బిల్లు కట్టేది ఎవరో ఒక చిన్న యజమాని.

నిధి ఏర్పడేదాకా ఉన్న హక్కుల్ని వదులుకోనక్కర్లేదు. గర్భం వల్ల సెలవులో ఉన్న కాలంలో ఉద్యోగం లోంచి తీసేయడం, జీతం తగ్గించడం, షరతులు మార్చడం చట్టవిరుద్ధం. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసిందని భత్యం ఆపడానికి వీల్లేదని 2023లో సుప్రీంకోర్టు ఢిల్లీలోని ఒక కాంట్రాక్టు వైద్యురాలి కేసులో చెప్పింది. సెలవు కావాలన్న సంగతి నోటితో చెప్పి ఊరుకోకుండా, ఏ తేదీ నుంచో రాసి ఇచ్చి, అందినట్టు సంతకమో ఈమెయిలు జవాబో దగ్గర పెట్టుకోవాలి. ముందు రాసివ్వడం కుదరకపోతే కాన్పయ్యాక వీలైనంత త్వరగా ఇచ్చినా చెల్లుతుంది. సంస్థ కాదంటే కార్మిక శాఖలో ఫిర్యాదు చేయవచ్చు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లయితే వాళ్ల స్థానిక బ్రాంచి ఆఫీసులో క్లెయిము పెట్టాలి, అక్కడ యజమాని అనుమతితో పనిలేదు.